పోయినవాళ్ల దారి: మన మాటలతో దివ్యజ్ఞానం గీసిన ఇంకో పటం

మహాలయ అమావాస్య పొద్దున తిరుపతి కపిలతీర్థం దగ్గర తర్పణాలు వదిలేవాళ్ల రద్దీ ఎక్కువ. ఉంగరపు వేలికి దర్భ పవిత్రం, చేతిలో నల్ల నువ్వులు, పక్కన చెంబుతో నీళ్లు. అయ్యవారు చెప్పమన్నట్టు గోత్రం చెప్పి నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు పలుకుతారు. మూడో పేరు దగ్గర చాలామంది ఒక్క క్షణం ఆగి, పక్కనున్న పెద్దాయన మొహం చూస్తారు. ఆయన మెల్లగా అందిస్తాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్లు జారిపోతాయి. ఆ నీళ్లు ఎవరికో అందుతాయన్న నమ్మకమే ఈ పనికి ప్రాణం. పెద్దలు ఎక్కడో ఉన్నారు, వాళ్లకు దాహం వేస్తుంది, మనం ఇస్తే తీరుతుంది.

పోయినవాళ్లు ఎక్కడికి పోతారన్న ప్రశ్నకు మదనపల్లెలో వందేళ్ల కిందటే ఇంకో జవాబు వినిపించింది. దివ్యజ్ఞాన సమాజం, అంటే థియోసాఫికల్ సొసైటీ చెప్పిన జవాబు అది. అందులో కర్మ ఉంది. మనస్సు, బుద్ధి, ఆత్మ ఉన్నాయి. లింగ శరీరం ఉంది, పునర్జన్మ ఉంది. అందుకే తెలుగువాళ్లు చాలామంది ‘ఇదంతా మన వేదాంతమే, దొరలు ఇంగ్లీషులో చెప్పారు, అంతే’ అని పుస్తకం పక్కన పెట్టేస్తారు. అది పొరపాటు. మాటలు మనవే గానీ, ఆ మాటలు పట్టుకుని నడిస్తే చేరే చోటు చాలాసార్లు మనకు తెలిసిన చోటు కాదు. ఎక్కడెక్కడ దారి చీలుతుందో చూస్తే దివ్యజ్ఞానం బాగా అర్థమవుతుంది. మన ఇళ్లలో చావు చుట్టూ చేసే పనుల వెనుక ఏ ఊహ ఉందో కూడా అప్పుడే తెలుస్తుంది.

ముందు చరిత్ర కొంచెం. 1875 నవంబరులో న్యూయార్క్‌లో హెలీనా బ్లావట్‌స్కీ, హెన్రీ స్టీల్ ఆల్కాట్, విలియం జడ్జి తదితరులు ఈ సమాజాన్ని పెట్టారు. 1879లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బొంబాయి వచ్చారు. 1882 చివరికి మద్రాసు అడయార్‌కు మకాం మార్చారు. 1907 నుంచి 1933లో కన్నుమూసేదాకా అనీ బిసెంట్ అధ్యక్షురాలు. 1915లో మదనపల్లెలో మొదలైన కాలేజీ ఆమె పేరుతోనే ఉంది. ఊళ్లో అందరూ బీటీ కాలేజీ అంటారు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ సమాజంలో చేరడానికి పునర్జన్మను నమ్మాలన్న షరతు ఏనాడూ లేదు. మనుషులంతా ఒకటే అన్న సోదరభావం ఒప్పుకుంటే చాలు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆ సంస్థ పెద్దలు రాసిన, బోధించిన సిద్ధాంతం. సభ్యులంతా కట్టుబడాల్సిన మతం కాదు.

మనిషిలో ఏముందన్న దగ్గరే మొదటి చీలిక వస్తుంది. 1880లలో బ్లావట్‌స్కీ, సమాజంలో సభ్యుడైన ఏ.పి. సిన్నెట్ రాసిన పుస్తకాల్లో మనిషికి ఏడు తత్త్వాలు. స్థూల శరీరం, ప్రాణం, లింగ శరీరం, కామరూపం (కోరికల దేహం) అనే నాలుగూ చావుతోనో, చావు తర్వాత కొంత కాలానికో విడిపోయేవి. మనస్సు, బుద్ధి, ఆత్మ అనే మూడూ నిలిచేవి. మనస్సు మళ్లీ రెండు ముఖాలుగా ఉంటుంది. కింది ముఖం కోరికల వైపు, పై ముఖం బుద్ధి వైపు. జన్మ జన్మకూ సాగేది ఆత్మ, బుద్ధి, పై మనస్సుల కూటమి. మిగతాదంతా ఒక జన్మకు తొడుక్కున్న బట్ట.

ఇందులో లింగ శరీరం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వేదాంతంలో లింగ శరీరం అంటే సూక్ష్మ శరీరం. అయిదు జ్ఞానేంద్రియాలు, అయిదు కర్మేంద్రియాలు, అయిదు ప్రాణాలు, మనస్సు, బుద్ధి కలిపి పదిహేడు అంగాల మూట. స్థూల దేహం కాలి బూడిదైనా ఈ మూట మాత్రం ఇంకో గర్భం వెతుక్కుంటూ పోతుంది. వాసనలన్నీ, అంటే పాత జన్మల ముద్రలన్నీ మోసేది అదే. బ్లావట్‌స్కీ పుస్తకాల్లో మాత్రం లింగ శరీరం అంటే స్థూల దేహానికి అచ్చుపోసినట్టుండే నీడలాంటి దేహం. శవం దగ్గరే తచ్చాడుతుంది, శవం కరిగిపోతుంటే తానూ కరిగిపోతుంది. ఒకే మాట, రెండు గతులు. ఒక చోట అదే ప్రయాణికుడు, ఇంకో చోట అది గుమ్మంలోనే వదిలేసిన చెప్పుల జత. ఆ తేడా తెలియకుండా అడయార్ పుస్తకం చదివితే మొదటి అధ్యాయంలోనే దారి తప్పుతాం. తర్వాతి తరం వాళ్లు ఆ పేరు పక్కన పెట్టి ‘ఈథరిక్ డబుల్’ అనడం మొదలుపెట్టారు. అది మంచి పనే.

ఈ గజిబిజిని మొట్టమొదట గట్టిగా పట్టుకున్నవాడు తెలుగువాడే. కాకినాడలో 1856లో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వకీలు. సంస్కృతం మీద, శాస్త్రాల మీద ఆయన పట్టు చూసి బ్లావట్‌స్కీయే ఆయన మాటకు విలువ ఇచ్చేది. 1886 డిసెంబరులో అడయార్‌లో భగవద్గీత మీద ఉపన్యాసాలిస్తూ ఆయన ఈ ఏడు తత్త్వాల విభజన సరైంది కాదని, తాను నాలుగు విభాగాలతోనే మాట్లాడతానని చెప్పేశాడు. తారక రాజయోగం అనే యోగ పద్ధతి చెప్పే స్థూలోపాధి, సూక్ష్మోపాధి, కారణోపాధి (ఉపాధి అంటే ఇక్కడ ఆత్మకు తొడుగు), వాటికి పైన ఆత్మ. ఆయన వాదన సూటిగా ఉంటుంది. విభజన అనేది ఉపయోగపడాలి. ఒకదాని నుంచి విడిగా నిలిచి పనిచేయగలిగినదాన్నే విడిగా లెక్కపెట్టాలి. బ్లావట్‌స్కీ ఒప్పుకోలేదు. 1887లో సమాజం పత్రికలో ఇద్దరి మధ్య వాదం నడిచింది, మనసులు విరిగాయి. 34 ఏళ్లు నిండకుండానే 1890 జూన్‌లో సుబ్బారావు చనిపోయాడు. ఆయన ఇంకో పాతికేళ్లు బతికి ఉంటే దివ్యజ్ఞానం భాషే వేరుగా ఉండేది. ఆ లోటు ఈనాటికీ ఆ పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఇక చావు గడియ. మన ఇళ్లలో ప్రాణం పోయే వేళ మనిషిని మంచం మీద నుంచి కిందికి దింపి నేల మీద పడుకోబెడతారు. నోట్లో తులసి తీర్థం పోస్తారు. చెవి దగ్గర గోవింద నామం, నారాయణ నామం గట్టిగా చెబుతారు. అంత్యకాలంలో ఏది తలచుకుంటే అక్కడికే పోతాడని గీత చెప్పింది కాబట్టి, ఆ ఆఖరి తలపు దేవుడిదై ఉండాలని ఇంటివాళ్ల ఆరాటం. దివ్యజ్ఞానం కూడా ఆ క్షణానికి అంతే విలువ ఇస్తుంది గానీ చేయమన్న పని వేరు. గుండె ఆగినా మెదడులో చివరి కదలికలు ఇంకా ఉంటాయి, ఆ కాసేపట్లో పుట్టిన దగ్గర్నుంచి జీవితమంతా సినిమా రీలులా కళ్ల ముందు తిరుగుతుంది, మనిషి తనను తాను ఏ ముసుగూ లేకుండా చూసుకుంటాడు, పడ్డ కష్టాలకు కారణమేమిటో అప్పుడు తెలుస్తుంది అని బ్లావట్‌స్కీ రాసింది. అందుకని మరణశయ్య పక్కన గుసగుసలాడినట్టు మాట్లాడాలి, ఏడుపులు పెడబొబ్బలు పెట్టకూడదు.

మన పద్ధతిలో పోయేవాడికి బతికున్నవాళ్లు ఒక తలపు అందిస్తారు. వాళ్ల పద్ధతిలో అతని లెక్క అతను చూసుకునేలా అందరూ తప్పుకుంటారు. రెండింటిలోనూ ప్రేమే ఉంది. ఆసుపత్రి ఐసీయూలో గాజు తలుపు అవతల నిలబడి ఈ రెండింటిలో ఏదీ చేయలేకపోయినవాళ్లకు దీని బరువు తెలుస్తుంది.

దహనం దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు. శవం ఎంత త్వరగా బూడిదైతే నీడ దేహం అంత త్వరగా విడిపోతుందని, పాతిపెట్టడం కంటే కాల్చడమే మేలని దివ్యజ్ఞానులు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. 1876 డిసెంబరులో అమెరికాలో, పెన్సిల్వేనియాలో, బ్యారన్ డి పామ్ అనే సభ్యుడి శవాన్ని ఆల్కాట్ దగ్గరుండి దహనం చేయించాడు. ఆ దేశంలో కొలిమి కట్టి చేసిన మొదటి దహనంగా దాన్ని చెబుతారు. 1891 మే 8న లండన్‌లో పోయిన బ్లావట్‌స్కీకి కూడా దహనమే జరిగింది. మనకు మామూలైన విషయం కోసం వాళ్లు పత్రికల చేత తిట్లు తినాల్సి వచ్చింది.

చావు తర్వాత మొదటి మజిలీ కామలోకం. ఇక్కడ మిగిలేది కోరికల దేహం. తిండి మీద, డబ్బు మీద, పగ మీద పెంచుకున్న ఆశ ఎంత చిక్కగా ఉంటే అక్కడ అంత కాలం. కోరిక ఉంటుంది, తీర్చుకోవడానికి ఒళ్లుండదు, అదే బాధ. ఎవరో తీసుకెళ్లి పెట్టే శిక్ష కాదు, నూనె అయిపోయేదాకా మండే వత్తిలాంటిది. అది ఆరిపోయాక పై మనస్సు ఆ దేహాన్ని కూడా వదిలేస్తుంది. దీన్ని రెండో మరణం అన్నారు. మన అపరకర్మతో పోల్చితే పోలిక దగ్గరగానే వస్తుంది. పది రోజుల పిండాలతో ప్రేతకు దేహం కట్టి, పన్నెండో రోజు సపిండీకరణంలో ప్రేతపిండాన్ని మూడు పితృపిండాల్లో కలిపేస్తారు. అక్కడితో ప్రేత అన్న పేరు పోయి పెద్దల్లో చేరినట్టు. ప్రేత స్థితి ఒక మజిలీ, దాన్ని దాటించాలి అన్న ఊహ ఇద్దరికీ ఉంది. అనీ బిసెంట్ శ్రాద్ధాన్ని సమర్థించింది కూడా ఈ కారణంతోనే: కోరికల తొడుగు త్వరగా సడలడానికి ఆ మంత్రం సాయపడుతుందని.

పై మనస్సు వదిలేసి పోయిన కామరూపం వెంటనే మాయమవదు. దాన్ని గుల్ల అన్నారు. అందులో పాత జ్ఞాపకాల ముక్కలు ఇంకా అంటుకుని ఉంటాయి. అమెరికాలో, ఇంగ్లండులో బల్ల చుట్టూ కూర్చుని ఆత్మలను పిలిచే సభల్లో వచ్చి మాట్లాడేది ఎక్కువగా ఈ గుల్లలేనని, వాటిని పిలవడం తప్పని బ్లావట్‌స్కీ వాదించింది. ఆత్మలతో మాట్లాడడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఆమె మీద మండిపడింది అందుకే. మన ఊళ్లలో ఒంటి మీదికి వచ్చి చనిపోయినవాళ్ల గొంతుతో మాట్లాడేవాళ్లను చూసినప్పుడు కూడా దివ్యజ్ఞాని ఇదే అంటాడు: వచ్చింది మీ నాన్న కాదు, మీ నాన్న విప్పేసిన చొక్కా. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు, అర్ధాయుష్షుతో పోయినవాళ్లు మాత్రం సహజంగా ఎంత కాలం బతకాల్సి ఉందో అంత కాలం భూమికి దగ్గరగానే ఉంటారని చెప్పారు. ‘ఆయుష్షు తీరేదాకా తిరుగుతుంటారు’ అని మన ముసలమ్మలు అనే మాట ఇదే.

ఏడుపు సంగతి కూడా అంతే. అయినవాళ్లు కార్చిన కన్నీళ్లు ప్రేతకు తాగక తప్పదు, అందుకే ఏడవకండి, చేయాల్సిన కర్మ చేయండి అని ధర్మశాస్త్రం చెబుతుంది. బతికున్నవాళ్ల విపరీతమైన దుఃఖం పోయినవాళ్లను వెనక్కి లాగుతుందని దివ్యజ్ఞానులూ అన్నారు. ఇలాంటి మాట గుండె పగిలినవాళ్లతో చెప్పడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ‘నువ్వు ఏడిస్తే ఆయనకు బాధ’ అంటే, ఏడ్చే హక్కు కూడా లాగేసుకున్నట్టు ఉంటుంది. రెండు సంప్రదాయాలూ ఇక్కడ కొంచెం కఠినంగానే ఉన్నాయి.

ఈ సిద్ధాంతాన్ని ఒక పిల్లవాడి అనుభవం పక్కన పెట్టి చూడొచ్చు. జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలో పుట్టాడు. అప్పటికి ఆ ఊరు కడప జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. పిల్లవాడికి పదేళ్లప్పుడు, 1905లో, తల్లి సంజీవమ్మ పోయింది. 18 ఏళ్ల వయసులో రాసుకున్న జ్ఞాపకాల్లో ఆయన, అమ్మ పోయాక చాలాసార్లు కనిపించేదని చెప్పాడు. ఒకసారి ఆమె మేడమెట్లు ఎక్కిపోతుంటే వెంటపడ్డాడు. చెయ్యి చాచి చీర పట్టుకున్నట్టే అనిపించింది. పై మెట్టు చేరేసరికి ఆమె లేదు. బడికి పోతుంటే వెనకాల గాజుల చప్పుడు వినిపించేదని కూడా రాశాడు. దివ్యజ్ఞానం ప్రకారం ఆ మెట్ల మీద ఉన్నదెవరు? అప్పుడే పోయిన తల్లి కామలోకంలో ఉండగా పిల్లవాడు చూసి ఉండొచ్చు. ఆమె పైలోకానికి పోయాక మిగిలిన గుల్ల అయి ఉండొచ్చు. తల్లి పోయిన పదేళ్ల పిల్లవాడికి మనసు చేసిన సాయం అని ఈనాటి మనస్తత్వ శాస్త్రం అంటుంది. ఏ మాట ఒప్పుకున్నా గాజుల చప్పుడు మాత్రం ఆ పిల్లవాడికి వినిపించింది.

కామలోకం దాటాక వచ్చేది దేవచాన్. ఈ పేరులో ‘దేవ’ వినిపించి చాలామంది సంస్కృతం అనుకుంటారు. నిజానికి అది టిబెటన్ మాట, సుఖం నిండిన చోటు అని అర్థం. బౌద్ధుల సుఖావతి అదే. ఈ ఊహ దగ్గరే దివ్యజ్ఞానం తన సొంత గొంతు విప్పిందని చెప్పాలి. దేవచాన్ అంటే ఒక ఊరు కాదు, ఒక స్థితి. జీవితంలో పెంచుకున్న నిస్వార్థమైన ప్రేమలు, కళ మీద, చదువు మీద పెట్టుకున్న ఆశలు, సగంలో ఆగిపోయిన మంచి పనులు, అన్నీ అక్కడ పూర్తవుతాయి. పిల్లల్ని వదిలి పోయిన తల్లి అక్కడ ఆ పిల్లల మధ్యే ఉంటుంది. వాళ్లు కింద బతికున్నా సరే. కింద వాళ్లు పడే కష్టం ఆమెకు తెలియదు. తెలిస్తే అది సుఖం ఎలా అవుతుందని బ్లావట్‌స్కీ ఎదురు ప్రశ్న వేసింది.

మన స్వర్గానికీ దీనికీ ఒక పోలిక ఉంది. పుణ్యం ఖర్చయిపోగానే మళ్లీ మర్త్యలోకానికే వస్తారని గీత అంటుంది. దేవచాన్ కూడా పోగుచేసుకున్నది అయిపోతే ముగుస్తుంది. కానీ స్వర్గంలో ఇంద్రుడు ఉంటాడు, సభ ఉంటుంది, పక్కన వేరేవాళ్లు ఉంటారు. దేవచాన్‌లో ప్రతివాడూ తన ప్రేమ కట్టిన ఇంట్లో తానే ఉంటాడు. అక్కడ కనిపించే అయినవాళ్లు ఎంతవరకు వాళ్లే, ఎంతవరకు అతని తలపులే అన్నది తేలదు. ఇది ఓదార్పా, ఒంటరితనమా? ఎన్నిసార్లు చదివినా రెండూ అనిపిస్తుంది.

తిరుపతివాళ్లకు బాగా తెలిసిన కథతో పోలిస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. కృష్ణుడి పెళ్లి ఒక్కటీ చూడలేకపోయానని యశోద బాధపడింది. కలియుగంలో ఆ ముచ్చట తీరుస్తానని ఆయన మాటిచ్చాడు. ఆమె వకుళమాతగా పుట్టి శేషాచలంలో శ్రీనివాసుణ్ణి కొడుకులా చూసుకుంది, ఆకాశరాజు దగ్గరికి పోయి పెళ్లి మాట్లాడి వచ్చింది. పేరూరు బండ మీద ఆ తల్లికి గుడి ఉంది. పెళ్లికూతురు పద్మావతి కూడా మునుపు వేదవతే అంటారు. తిరుమల కథలో పునర్జన్మకు కారణం తీరని ముచ్చట. ఆ ముచ్చట ఈ నేల మీదే, ఒంటితోనే, పసుపు కుంకాలతోనే తీరాలి. అదే యశోద కథ దివ్యజ్ఞాని చేతికిస్తే ఆమె ముచ్చట దేవచాన్‌లోనే నిండుగా తీరిపోతుంది. అక్కడ ఆ పెళ్లి ఆమె కళ్లారా చూస్తుంది. దాని కోసం మళ్లీ పుట్టాల్సిన పని లేదు. మళ్లీ పుట్టేది వేరే కారణాలకు: బతుకు మీద మిగిలిన తృష్ణ, తీర్చాల్సిన కర్మ, నేర్చుకోవాల్సిన పాఠం. మనకు భూమి కోరిక తీరే చోటు. వాళ్లకు భూమి బడి.

ఆ బడికి సెలవులు మాత్రం చాలా పెద్దవి. రెండు జన్మల మధ్య మామూలుగా 1000 నుంచి 1500 ఏళ్లు గడుస్తాయని బ్లావట్‌స్కీ, సిన్నెట్ చెప్పారు. పసితనంలో పోయినవాళ్లు దేవచాన్‌కు పోకుండా త్వరగా తిరిగి వస్తారు. తర్వాత సమాజం పెద్దల్లో ఒకడైన సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ మనుషుల్ని తరగతులుగా విడదీసి, కొందరికి ఈ గడువు బాగా తగ్గించాడు. ‘మా తాతే మళ్లీ పుట్టాడు’ అని మనవడికి తాత పేరు పెట్టుకునే ఇళ్లకు ఈ లెక్క ఏ మాత్రం సరిపోదు. గత జన్మ గుర్తుందని చెప్పే పిల్లల కేసులు వేల సంఖ్యలో సేకరించిన వర్జీనియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ ఫైళ్లకూ సరిపోదు. వాటిలో చావుకూ పుట్టుకకూ మధ్య ఉండేది చాలావరకు కొద్ది నెలలు, కొద్ది ఏళ్లు. ఆ కేసుల మీద అనుమానాలు వ్యక్తం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అవి నిజమే అనుకున్నా బ్లావట్‌స్కీ నియమానికి అవి రుజువు కావు, పెద్ద చిక్కు. పేపర్లో అలాంటి వార్త రాగానే దివ్యజ్ఞానం రుజువైందని సంబరపడేవాళ్లు ఈ లెక్క చూడాలి.

నిజానికి బ్లావట్‌స్కీ మాట కూడా మొదటి నుంచీ ఒక్కటిగా లేదు. 1877లో వచ్చిన ఆమె మొదటి పెద్ద పుస్తకంలో, ఒకే వ్యక్తి ఈ భూమి మీదే మళ్లీ పుట్టడం అరుదైన మినహాయింపు అన్నట్టు ఉంటుంది. ఇండియాకు వచ్చాక రాసిన పుస్తకాల్లో అదే అందరికీ నియమం అయింది. ఎత్తి చూపినవాళ్లకు ఆమె ఇచ్చిన సమాధానం: అక్కడ చెప్పింది వ్యక్తిత్వం గురించి, ఇక్కడ చెప్పేది దాని వెనుక ఉన్న జీవుడి గురించి. ఈ సమాధానం అందరికీ రుచించలేదు. ఈ దేశం గాలి ఆమె ఆలోచనను మార్చిందనుకోవడమే సబబుగా ఉంటుంది.

ఆ సమాధానంలోని తేడా మాత్రం వాళ్ల సిద్ధాంతమంతటికీ ఇరుసు. ఈ పేరు, ఈ ఒళ్లు, ఈ అలవాట్లు కలిసినది వ్యక్తిత్వం. అది ఒక్కసారే వస్తుంది. పూసల మధ్య దారంలా సాగేది జీవుడు. అందుకు సూత్రాత్మ అన్న మన మాటే వాడుకున్నారు. గత జన్మ ఎందుకు గుర్తుండదంటే కొత్త మెదడు ఆ జన్మ చూడలేదు కాబట్టి. జ్ఞాపకం ఉన్నది దారంలో, పూసలో కాదు.

జంతుజన్మ దగ్గర ఇద్దరికీ అసలు పొసగదు. భాగవతంలో భరతుడు అంత తపస్సు చేసి, పెంచుకున్న లేడిపిల్లను తలచుకుంటూ పోయినందుకు లేడిగా పుట్టాడు. దివ్యజ్ఞానం దీన్ని ఒప్పుకోదు. ఒకసారి మనిషి మెట్టు ఎక్కిన జీవుడు మళ్లీ పశువు మెట్టుకు దిగడు. ‘వచ్చే జన్మలో కుక్కై పుడతావ్’ అన్న తిట్టుకు అక్కడ చోటు లేదు. బిసెంట్, లెడ్‌బీటర్ల లెక్కలో జంతువులకు విడివిడి జీవుళ్లు ఉండరు, ఒక గుంపుకంతా ఒకే ఆత్మ. కుక్క, గుర్రం, ఏనుగు లాంటివి మనిషి ప్రేమకు దగ్గరై ఆ గుంపు నుంచి విడివడి జీవుడవుతాయి. ఇప్పుడు శ్రీకాళహస్తి వైపు చూడండి. సాలెపురుగు, పాము, ఏనుగు మూడూ శివుడికి చేసిన సేవతో అక్కడే ముక్తి పొందాయి. ఊరి పేరులోనే ఆ మూడూ ఉన్నాయి. సాలెపురుగు ముందు మనిషి కావాలి, తర్వాత వందల జన్మలెత్తాలి అని ఆ స్థలపురాణం అడగలేదు. ఎంత కింది మెట్టు నుంచైనా ఒక్క గంతులో ముక్తి ఉంది అని అది చెబుతుంది. దివ్యజ్ఞానంలో గంతు లేదు, నిచ్చెనే ఉంది.

ఆ నిచ్చెనే వాళ్ల బలం, వాళ్ల బలహీనత కూడా. డార్విన్ పుస్తకం వచ్చి ఇరవై ఏళ్లు దాటిన రోజుల్లో, పరిణామం అన్న మాట అందరి నోటా ఉన్న రోజుల్లో, పునర్జన్మను శిక్షగా కాకుండా ఎదుగుదలగా చెప్పడం పెద్ద ఆశ. మన శాస్త్రాలకు పుట్టుక ఒక చెర, దాంట్లోంచి బయటపడడం మోక్షం. వాళ్లకు ప్రతి పుట్టుకా పై తరగతి. కానీ తరగతులున్న చోట ముదిరిన ఆత్మలు, లేత ఆత్మలు అన్న మాట వస్తుంది. అక్కడి నుంచి మానవ జాతులకే మెట్లు కట్టడం దాకా పోయారు. అది తప్పు అని సూటిగా చెప్పాల్సిందే. పేదవాణ్ణీ దళితుణ్ణీ చూసి ‘పూర్వజన్మ’ అనే పాత మాటకు అది కొత్త ఇంగ్లీషు పేరు పెట్టినట్టయింది. అదే సమాజం నుంచి ఆల్కాట్ 1890లలో మద్రాసులో దళిత పిల్లలకు ఉచితంగా బడులు పెట్టాడన్నదీ నిజమే. సిద్ధాంతం కంటే ఆ బడులు గొప్పవి.

కృష్ణమూర్తి దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే ఈ పటమంతా ఆయన మీదే పరచి చూశారు. 1909 జనవరిలో నారాయణయ్య పిల్లలతో అడయార్ చేరాడు. కొన్ని నెలలకే లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి చూసి, రాబోయే జగద్గురువుకు వాహనం, అంటే ఆ గురువు వచ్చి చేరే దేహం, ఇతనే అన్నాడు. ఆల్కియోన్ అన్న పేరు పెట్టి ఆయన గత జన్మలు ముప్ఫై రాశాడు. మొదటిది క్రీ.పూ. 22,662 నాటిది, చివరిది క్రీ.శ. 624 నాటిది. సగటున సుమారు 800 ఏళ్లకు ఒక జన్మ. 624కూ 1895కూ మధ్య 1271 ఏళ్లు, బ్లావట్‌స్కీ చెప్పిన గడువులోనే ఉంది. ఈ ఆఖరి విరామం మాత్రం లెక్కకు కుదిరింది. అడయార్‌లో ఎవరెవరు ఆ పాత జన్మల్లో ఆల్కియోన్‌కు చుట్టాలుగా ఉన్నారో తెలుసుకోవాలని సభ్యులు ఆత్రపడ్డారు. తల్లి గాజుల చప్పుడు విన్న పిల్లవాడికి పెద్దలు ఇరవై మూడు వేల ఏళ్ల చరిత్ర అందించారు.

1925లో దివ్యజ్ఞాన సమాజం యాభై ఏళ్ల ఉత్సవాలకు బిసెంట్‌తో కలిసి ఆయన ఓడలో ఇండియాకు బయలుదేరాడు. తమ్ముడు నిత్యానంద క్షయతో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఉండిపోయాడు. తమ్ముడు చేయాల్సిన పని ఇంకా ఉంది, మహాత్ములు (దివ్యజ్ఞానులు నమ్మే, తెర వెనుక ఉండే గురువులు) అతన్ని పోనివ్వరు అని కృష్ణమూర్తి గట్టిగా నమ్మాడు. నవంబరు 13న నిత్య పోయాడు. ఆ కబురు ఓడలోనే అందింది. పక్కనున్నవాళ్లు చెప్పిన ప్రకారం ఆయన రోజుల తరబడి కుమిలిపోయాడు. ఏడు తత్త్వాలు, కామలోకం, దేవచాన్ అన్నీ ఆయనకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఏదీ ఆ రాత్రి తమ్ముడి ఖాళీ పూడ్చలేదు. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, తన చుట్టూ కట్టిన సంస్థను ఆయనే రద్దు చేశాడు. సత్యానికి దారులు వేయలేమన్నాడు.

తర్వాతి అరవై ఏళ్ళకు దగ్గరగా, మదనపల్లె పక్కన రిషివ్యాలీలోనూ మిగతా చోట్లా, పునర్జన్మ ఉందా అని జనం ఆయన్ను అడుగుతూనే ఉన్నారు. ఉందనీ లేదనీ తేల్చకుండా ఆయన ప్రశ్ననే తిప్పి అడిగేవాడు: మళ్లీ పుట్టాలని మీరు కోరుకుంటున్నది దేన్ని? మీ పేరునా, మీ జ్ఞాపకాలనా, మీ వాళ్లనా? వచ్చే జన్మ ఉందని నిజంగా నమ్మేవాడు ఈ జన్మలో, ఈ రోజు ఎలా ఉండాలి? మమకారాన్ని ఏ రోజుకారోజు వదిలేయడమే చావు తెలుసుకోవడమని చెప్పేవాడు. దారం గురించి కాదు, పూస గురించే ఆయన బెంగ.

1986 ఫిబ్రవరి 17న ఆయన ఓహాయ్‌లోనే పోయాడు. ఆల్కాట్ పోయిన తేదీ కూడా అదే. దివ్యజ్ఞానులు ఏటా దాన్ని అడయార్ డేగా జరుపుకుంటారు. తన దేహానికి కర్మకాండ ఏదీ చేయవద్దని, స్మారకం కట్టవద్దని ఆయన ముందే చెప్పి ఉంచాడు.